ఆకురాలు కాలంలో కొండలకి: లేక్ డిస్ట్రిక్టు వారాంతానికి ఒక కరదీపిక

ఇంగ్లండులో ఉండే మన తెలుగువాళ్ళకి లేక్ డిస్ట్రిక్టు కొత్తేమీ కాదు. వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే విండర్‌మియర్‌లో పడవ ఎక్కించడం, గ్రాస్‌మియర్‌లో వర్డ్స్‌వర్త్ ఇల్లు చూపించడం, సరస్సు ముందు నిలబెట్టి ఫొటోలు తీయడం దాదాపు ఆనవాయితీ అయిపోయింది. కానీ ఆ సరస్సుల చుట్టూ ఉన్న కొండలు ఎక్కినవాళ్ళు మనలో తక్కువ. ఎక్కినవాళ్ళయినా జూన్, జూలై నెలల్లోనే ఎక్కుతారు. నన్నడిగితే ఆ కొండల అసలు అందం అక్టోబరులో చూడాలి. కొండవాలుల మీద బ్రాకెన్ మొక్కలు రాగి రంగుకి తిరుగుతాయి, లార్చ్ చెట్లు పసుపు పచ్చగా మారతాయి, జనం పలచబడతారు. అయితే వాతావరణం గంటకో రకంగా మారేదీ, పొద్దు త్వరగా కుంకేదీ కూడా అప్పుడే.

మాస్టర్స్ చదవడానికి ఈ దేశం వచ్చి, చదువయ్యాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, ఉత్తర ఇంగ్లండులో స్థిరపడ్డవాణ్ణి నేను. వారమంతా తెర ముందు కూర్చునేవాడికి శని, ఆదివారాలైనా కాస్త కొండగాలి తగలాలని మా ఊరి కొండనడక క్లబ్బులో చేరాను. ఆ క్లబ్బుతో వెళ్ళిన ఒక వారాంతంలో నేను చేసిన పొరపాటు వల్ల ఒక మిత్రుడి ప్రాణం మీదకి వచ్చినంత పనయింది. అలాంటి పొరపాటు మరొకరు చెయ్యకూడదని ఈ వ్యాసం. ముందు తెలుసుకోవలసిన సంగతులు, తరవాత ఆ కథ.

ప్రదేశం, పేర్లు

లేక్ డిస్ట్రిక్టు ఇంగ్లండుకి వాయవ్య మూలన, కంబ్రియాలో ఉంది. 1951లో జాతీయ ఉద్యానవనమైంది, 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. విస్తీర్ణం సుమారు 2,360 చదరపు కిలోమీటర్లు. ఇంగ్లండు మొత్తానికి ఎత్తైన కొండ స్కాఫెల్ పైక్ ఇక్కడే ఉంది, ఎత్తు 978 మీటర్లు. "ఇంతేనా? మన అరకు లోయే 900 మీటర్ల ఎత్తులో ఉంది కదా, అక్కడికి రైల్లో కూర్చుని పల్లీలు తింటూ వెళ్ళామే" అని మీకనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. కానీ ఇక్కడ లెక్కలోకి తీసుకోవలసింది ఎత్తు ఒక్కటే కాదు. 54 డిగ్రీల ఉత్తర అక్షాంశం, పక్కనే సముద్రం, చెట్టు నీడ కూడా లేని బోడి శిఖరాలు, ఇవి మూడూ కలిస్తే 900 మీటర్ల కొండ కూడా చిన్నది కాదు.

ఇక్కడి పేర్లు చాలామటుకు వెయ్యేళ్ళ క్రితం వచ్చి స్థిరపడ్డ నార్స్ జనం భాషలోంచి వచ్చాయి. నాలుగైదు మాటలు తెలిస్తే మ్యాపు చదవడం సులువవుతుంది. ఫెల్ అంటే కొండ. బెక్ అంటే వాగు. గిల్ అంటే వాగు పారే ఇరుకు లోయ. టార్న్ అంటే కొండ మీది చిన్న చెరువు. ఫోర్స్ అంటే జలపాతం. హాస్ అంటే మన కనుమ. థ్వైట్ అంటే అడవి కొట్టి చదును చేసిన నేల.

ఈ కొండల గురించి ఎవరితో మాట్లాడినా వినిపించే పేరు ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్. ఆయన 1907లో బ్లాక్‌బర్న్‌లో పుట్టారు. వృత్తిరీత్యా అకౌంటెంటు, కెండల్ పురపాలక సంఘంలో కోశాధికారి. సెలవు రోజుల్లో కొండలు తిరిగి, బొమ్మలూ మ్యాపులూ చేత్తోనే గీసి, అక్షరాలు కూడా చేత్తోనే రాసి 1955 నుంచి 1966 లోపల ఏడు సంపుటాలు తెచ్చారు. వాటిలో ఉన్న 214 కొండల్నీ ఇప్పుడు "వెయిన్‌రైట్లు" అంటారు. అన్నీ ఎక్కాలని జాబితా పెట్టుకుని టిక్కులు కొట్టుకునేవాళ్ళు వేలల్లో ఉన్నారు. మా క్లబ్బులో ఒకావిడ రెండో విడత ఎక్కుతోంది.

నడిచే హక్కు ఎవరిచ్చారు?

ఎవరి కొండలో, ఎవరి పొలాలో, మనం వెళ్ళి నడవచ్చా అన్న సంకోచం కొత్తవాళ్ళకి సహజం. నడవచ్చు. ఆ హక్కు ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు చుట్టుపక్కల కార్మికులు పీక్ డిస్ట్రిక్టులోని కిండర్ స్కౌట్ అనే కొండ మీదకి కావాలనే గుంపుగా చొరబడ్డారు. అప్పట్లో అది జమీందార్ల వేట భూమి. కొందరు జైలుకి కూడా వెళ్ళారు. తరవాత 1949లో జాతీయ ఉద్యానవనాల చట్టం, 2000లో బీడు భూముల మీద, కొండల మీద కాలినడకన తిరిగే హక్కునిచ్చే చట్టం వచ్చాయి. కాబట్టి నిశ్చింతగా నడవండి. దాటిన గేటు మళ్ళీ వెయ్యండి, గొర్రెల మధ్యకి కుక్కని వదలకండి, తెచ్చిన చెత్త తిరిగి తీసుకెళ్ళండి. ఇవే ఇక్కడి మర్యాదలు.

క్లబ్బు అంటే ఏమిటి?

దాదాపు ప్రతి పెద్ద ఊళ్ళోనూ కొండనడక క్లబ్బులున్నాయి. సభ్యత్వం తీసుకునే ముందు రెండు మూడు నడకలకి అతిథిగా రమ్మంటారు. బ్రిటిష్ మౌంటెనీరింగ్ కౌన్సిల్‌కి అనుబంధంగా ఉన్న క్లబ్బయితే సభ్యత్వంతో పాటు మన వల్ల ఇతరులకి నష్టం కలిగితే పనికొచ్చే బీమా కూడా వస్తుంది. ఏడాదికి నాలుగైదు వారాంతాలు బంక్‌హౌస్ అద్దెకి తీసుకుంటారు. అంటే ఒకే గదిలో మెట్ల మంచాలు, ఒక పెద్ద వంటిల్లు, తడి బట్టలు ఆరేసుకునే గది. శుక్రవారం రాత్రి చేరుకుని ఆదివారం సాయంత్రం తిరిగి వస్తారు. కార్లు పంచుకుంటారు, వంట వంతులవారీగా చేస్తారు.

శాకాహారులు భయపడనక్కర్లేదు. శనివారం రాత్రి వంట నేను తీసుకుంటానని మొదటిసారి చెప్పినప్పుడు పద్దెనిమిది మందికి పప్పు, బంగాళాదుంప వేపుడు, పులిహోర చేశాను. రోజంతా వానలో తడిసి వచ్చిన వాళ్ళకి వేడి పప్పన్నం ఎంత రుచిగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ తరవాత నా వంతు ఎప్పుడని వాళ్ళే అడగడం మొదలుపెట్టారు. రాత్రి పబ్బుకి వెళ్ళినా నిమ్మరసమో, టీయో తాగితే ఎవరూ ఏమీ అనుకోరు.

కారు లేనివాళ్ళు రైల్లో పెన్రిత్‌లో దిగి, అక్కణ్ణించి బస్సులో కెజిక్ చేరవచ్చు. బారోడేల్ లోయకి కెజిక్కే ముఖద్వారం.

వాతావరణం ఎందుకంత చపలచిత్తం?

మన కోస్తాలో అక్టోబరు, నవంబరు అంటే బంగాళాఖాతంలో అల్పపీడనాల కాలం. చిత్రంగా ఇక్కడ కూడా అదే కాలంలో అల్పపీడనాల జోరు పెరుగుతుంది. కాకపోతే ఇవి అట్లాంటిక్ మీద పుట్టి పడమటి నుంచి వస్తాయి. దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి తేమగాలి, ఉత్తరం నుంచి వచ్చే చల్లటి గాలి తలపడే చోట పుట్టే తుఫానులివి. మన అల్పపీడనం ఒక్కోసారి మూడు నాలుగు రోజులు ముసురు పట్టిస్తుంది. ఇక్కడివి వేగంగా దాటిపోతాయి. ముందు వెచ్చటి గాలి అంచు వస్తుంది. దానితో మబ్బు కిందికి దిగి, ఆగకుండా సన్నటి వాన పడుతుంది. కొన్ని గంటలకి చల్లటి గాలి అంచు వస్తుంది. ఒక్కసారిగా జోరువాన కురుస్తుంది, గాలి నైరుతి నుంచి వాయవ్యానికి తిరుగుతుంది, ఉష్ణోగ్రత పడిపోతుంది. ఆ తరవాత కాసేపు ఎండ, కాసేపు జల్లు. ఇదంతా ఒకే రోజులో జరగవచ్చు. అందుకే పొద్దున్నే కిటికీలోంచి ఎండ చూసి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

ఆ తేమగాలికి సముద్రం దాటాక మొదట అడ్డుపడేవి ఈ కొండలే. గాలి పైకి లేచి, చల్లబడి, వాన కురిపిస్తుంది. మన పడమటి కనుమల మీద నైరుతి రుతుపవనాలు చేసే పని కూడా ఇదే. బారోడేల్ లోయ చివరనున్న సీత్‌వైట్ అనే పల్లెలో ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇంగ్లండులో జనం నివసించే చోట్లలో అత్యధిక వర్షపాతం అక్కడే. హైదరాబాదు వర్షపాతం సుమారు 800 మిల్లీమీటర్లని గుర్తుచేసుకుంటే తేడా తెలుస్తుంది. 2009 నవంబరులో సీత్‌వైట్‌లో 24 గంటల్లో 316 మిల్లీమీటర్లు కురిసింది. 2015 డిసెంబరులో డెస్మండ్ తుఫాను నాడు ఆ పక్కనే ఉన్న హానిస్టర్ కనుమలో 341 మిల్లీమీటర్లు కురిసి ఆ రికార్డుని దాటేసింది.

కొండ మీద చలి సంగతి. ప్రతి 100 మీటర్లకీ ఉష్ణోగ్రత అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా తగ్గుతుంది. గాలి లోయలో కంటే శిఖరం మీద రెండు మూడు రెట్లు ఉండడం మామూలే. థర్మామీటరు 5 డిగ్రీలు చూపిస్తున్నా, గంటకి 40 మైళ్ళ గాలి వీస్తుంటే ఒంటికి మైనస్ 2 డిగ్రీల్లా తగులుతుంది. దానికి తడి బట్టలు తోడైతే ఇంకా ఘోరం. అందుకే ఊరి వాతావరణ సూచన చూసి వెళ్ళకండి. మెట్ ఆఫీసు వారి కొండల సూచన, మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీసు వారి సూచన విడిగా ఉంటాయి. శిఖరం మీద గాలి వేగం ఎంత, మబ్బు ఏ ఎత్తుదాకా దిగుతుంది, ఎన్ని గంటలకి వాన వస్తుంది అన్నవి వాటిలో రాస్తారు. వెళ్ళే ముందు రాత్రి ఒకసారి, పొద్దున్నే ఇంకోసారి చదవండి.

వెలుగు లెక్క

అక్టోబరులో సాయంత్రపు వెలుగు రోజుకి రెండు నిమిషాలకి పైగా తగ్గుతూ పోతుంది. నెల మొదట్లో కెజిక్‌లో సూర్యాస్తమయం సాయంత్రం 6.45 ప్రాంతంలో అయితే, నెల చివరికి 5.45 అవుతుంది. దానికి తోడు అక్టోబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. శనివారం 5.45కి కుంకిన పొద్దు ఆదివారం 4.45కే కుంకుతుంది. ఒక గంట ఎక్కువ నిద్రపోయామన్న సంబరంలో ఈ సంగతి మరచిపోయేవాళ్ళున్నారు.

నడక ఎంతసేపు పడుతుందో లెక్కగట్టడానికి 1892లో విలియం నెయిస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుతున్నారు. ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఉదాహరణకి హానిస్టర్ కనుమ నుంచి గ్రేట్ గేబుల్ శిఖరానికి రానుపోను సుమారు 10 కిలోమీటర్లు, మొత్తం ఎక్కవలసిన ఎత్తు సుమారు 750 మీటర్లు. అంటే రెండు గంటలు, పైన గంటంపావు, మొత్తం మూడుంపావు గంటలు. ఇది ఆగకుండా నడిచే ఆరోగ్యవంతుడి లెక్క. పదిమంది గుంపుకి, తడి రాళ్ళ మీద, భోజనం, ఫొటోలు, బూట్ల తాళ్ళు బిగించుకోవడం అన్నీ కలుపుకుంటే అయిదారు గంటలనుకోండి. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు అంచనాల్లాగే ఇక్కడా మొదటి అంకెని నమ్మకూడదు.

2008 అక్టోబరు చెప్పిన పాఠం

2008 అక్టోబరు 25న ఇదే బారోడేల్‌లో ఒరిజినల్ మౌంటెన్ మారథాన్ అనే రెండు రోజుల పరుగు పోటీ జరిగింది. సుమారు 2,500 మంది పాల్గొన్నారు. గాలివాన తీవ్రమై, వాగులు పొంగి పోటీని మధ్యలో ఆపేశారు. వందల మంది ఎక్కడున్నారో తెలియక దేశమంతా టీవీల్లో గగ్గోలైంది. కొందరు హానిస్టర్ పలకరాళ్ళ గనిలో, కొందరు పశువుల కొట్టాల్లో, మిగతావాళ్ళు కొండల మీదే గుడారాల్లో తలదాచుకున్నారు. చివరికి అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. అది అదృష్టం ఒక్కటే కాదు. ఆ పోటీ నిబంధన ప్రకారం ప్రతి జంట దగ్గరా గుడారం, పడక సంచి, వెచ్చటి బట్టలు, తిండి ఉన్నాయి. సామాను ఉండటం, లేకపోవడం అన్నవి ఎంత తేడా తెస్తాయో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

సంచిలో ఏముండాలి?

1. వాన ఆపే జాకెట్, దానితో పాటు వాన ఆపే ప్యాంటు. రెండోది ముఖ్యం కాదనుకునేవాళ్ళు ఈ వ్యాసం చివరిదాకా చదవండి.

2. లోపల ఉన్ని గానీ, సింథటిక్ గానీ. నూలు బట్టలు వద్దు, జీన్సు అసలే వద్దు. నూలు నీళ్ళు పీల్చుకుంటే త్వరగా ఆరదు, ఒంటి వేడినంతా లాగేస్తుంది.

3. అడుగున పట్టు ఉన్న కొండబూట్లు. ఉన్ని టోపీ. రెండు జతల చేతి తొడుగులు, ఒకటి తడిస్తే రెండోది.

4. తలకి కట్టుకునే టార్చి, అదనపు బ్యాటరీలు. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం అనుకున్నా సరే.

5. ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాపు, దిక్సూచి. గ్రేట్ గేబుల్, బారోడేల్ ప్రాంతానికి నారింజ రంగు అట్ట ఉన్న 1:25,000 మ్యాపు తీసుకోండి. ఫోనులో మ్యాపు మంచిదే కానీ చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, తడి వేళ్ళకి తెర పలకదు.

6. ఈల, చిన్న ప్రథమ చికిత్స పెట్టె, నారింజ రంగు ప్లాస్టిక్ రక్షణ సంచి. గుంపులో ఒకరి దగ్గరైనా గ్రూప్ షెల్టర్ ఉండాలి. ఇది కర్రలు లేని గుడారం లాంటిది. అందరూ లోపల కూర్చుని నెత్తి మీద నుంచి కప్పుకుంటే అయిదు నిమిషాల్లో వెచ్చబడుతుంది.

7. ఫ్లాస్కులో వేడి టీ, చక్కెర కాస్త ఎక్కువే వెయ్యండి. తిండి విషయంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు. పల్లీపట్టీ, నువ్వుండలు, ఖర్జూరాలు, పొడి చల్లి చుట్టిన చపాతీలు. పల్లీపట్టీ ఒక్కటే జేబులో ఉంచుకోండి, చేతి తొడుగు తియ్యకుండా తినేలా ముందే కాగితం విప్పి పెట్టుకోండి.

మా శనివారం

2017 అక్టోబరు ఆఖరి వారాంతం. మా క్లబ్బు బారోడేల్‌లో బంక్‌హౌస్ తీసుకుంది. అప్పటికి నాకు క్లబ్బులో రెండేళ్ళ అనుభవం. లండన్ నుంచి ఉద్యోగం మారి మా ఊరొచ్చిన గుంటూరు మిత్రుణ్ణి అతిథిగా రమ్మన్నాను. గురువారం ఫోన్ చేసి, "బూట్లూ అవీ కొనాలా గురూ?" అనడిగాడు. "ఏమీ అక్కర్లేదు, నీ ట్రైనర్లు చాలు. జాకెట్ నా దగ్గర ఇంకోటుంది" అన్నాను. ప్యాంటు సంగతి నేను చెప్పలేదు, అతను అడగలేదు.

శనివారం రెండు గుంపులు. ఒకటి కాజిల్ క్రాగ్ అనే చిన్న కొండకి, ఇంకోటి గ్రేట్ గేబుల్‌కి. గ్రేట్ గేబుల్ ఎత్తు 899 మీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తమ సభ్యుల స్మారకంగా ఫెల్ అండ్ రాక్ క్లైంబింగ్ క్లబ్బు ఈ చుట్టుపక్కల కొండల్ని కొని 1923లో నేషనల్ ట్రస్టుకి ఇచ్చేసింది. 1924లో శిఖరం మీద కంచు ఫలకం పెట్టారు. ఏటా నవంబరులో రిమెంబరెన్స్ ఆదివారం నాడు జనం ఆ శిఖరం మీద చేరి మౌనం పాటిస్తారు.

మా లీడరు రిటైరైన బడిపంతులు. మిత్రుడి జీన్సు చూసి, "ఇవాళ కింది గుంపుతో వెళ్తే మంచిది" అన్నాడు. నేనే అడ్డుపడ్డాను. "అలిపిరి మెట్లు నాలుగుసార్లు ఎక్కినవాడు, గట్టివాడు" అని తిరుమల సంగతి వివరించాను. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నాడు. అలిపిరి దారిలో మెట్లుంటాయి, చాలా దూరం పైన కప్పుంటుంది, దీపాలుంటాయి, దాహమేస్తే అంగళ్ళుంటాయి. ముఖ్యంగా అక్కడ వెచ్చగా ఉంటుంది. ఆ తేడా ఆయనకి చెప్పలేదు, నాకే తట్టలేదు.

ముందు రోజు రాత్రే ఆయన బంక్‌హౌస్ బోర్డు మీద మా దారితో పాటు ఒక సమయం కూడా రాశాడు: ఒంటిగంట. అప్పటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. పది గంటలకి హానిస్టర్ కనుమలో బయల్దేరాం. గ్రే నాట్స్, బ్రాండ్రెత్ దాకా పాత ఇనుప కంచె స్తంభాలు దారి చూపిస్తాయి. అప్పటికే మబ్బు దిగింది, వాన అడ్డంగా కొడుతోంది. గ్రీన్ గేబుల్ దాటి విండీ గ్యాప్ అనే కనుమలోకి దిగేసరికి ఒంటిగంట అయింది. ఆ కనుమకి ఆ పేరు ఎందుకొచ్చిందో వెంటనే తెలిసింది. నిలబడాలంటే ఒకరినొకరు పట్టుకోవాల్సి వచ్చింది. శిఖరం ఇంకో 150 మీటర్ల ఎత్తు, అరగంట దారి.

లీడరు గడియారం చూపించి వెనక్కి అన్నాడు. "ఇంత దూరం వచ్చి, 150 మీటర్లకా?" అన్నాడు మిత్రుడు. నా మనసులోనూ అదే మాట. పైకి అనలేదంతే. ముందు కాస్త వేడిగా ఏదైనా తాగుదామని లీడరు రాళ్ళ చాటున గ్రూప్ షెల్టర్ తీశాడు. ఏడుగురం లోపల దూరాం.

లోపల మిత్రుడు నాతో తెలుగులో ఏదో మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు మా భాషలో మేం కబుర్లాడుకుంటున్నాం అనుకుని నవ్వుతున్నారు. కానీ అతని మాట ముద్దగా వస్తోంది. పల్లీపట్టీ కాగితం విప్పలేక రెండుసార్లు కింద పడేసుకున్నాడు. "చలేస్తోందా?" అంటే "బాగానే ఉన్నా" అన్నాడు, విసుగ్గా. అతను విసుక్కునే మనిషి కాదు. మోకాళ్ళ కింద జీన్సు నీళ్ళు కారుతోంది. మాట తేడాగా ఉందని ఆ గుడ్డ కింద కనిపెట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎందుకంటే తెలుగు నాకొక్కడికే వచ్చు. లీడరుతో చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగకుండా తన సంచిలోంచి అదనపు వాన ప్యాంటు, ఉన్ని టోపీ, పొడి తొడుగులు తీసి అతనికి తొడిగించాడు. తియ్యటి టీ రెండు కప్పులు తాగించి, పల్లీపట్టీ నోట్లో పెట్టి తినిపించాం. ఇరవై నిమిషాలకి వణుకు మొదలైంది. అది మంచి లక్షణమేనని లీడరు చెప్పాడు.

మాట మళ్ళీ స్పష్టంగా వచ్చాకే కదిలాం. దిక్సూచి పట్టుకుని, మళ్ళీ ఆ కంచె స్తంభాలు దొరకబుచ్చుకుని, మిత్రుణ్ణి మధ్యలో నడిపిస్తూ నాలుగింటికి హానిస్టర్ చేరాం. ఆ మబ్బులో దారి తప్పి పడమటికి దిగితే ఎన్నర్‌డేల్ లోయలో తేలతాం, అక్కడికి మామూలు కార్లు రావు. శిఖరానికి వెళ్ళి ఉంటే కనీసం ఇంకో గంట. అతను నడవలేని స్థితికి వచ్చి ఉంటే చీకట్లో అక్కడే ఉండాల్సి వచ్చేది.

రాత్రి లీడరు నాతో, "నేను కూడా పొద్దున ఒప్పుకోకుండా ఉండాల్సింది" అన్నాడు. మిత్రుడు నన్ను ఒక్క మాటా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

వెనక్కి తిరిగే గంట

ఆ ఒంటిగంట అన్న అంకె బోర్డు మీద లేకపోతే ఏమయ్యేదా అని చాలాసార్లు ఆలోచించాను. మేమంతా కొండ మీద, గాలిలో, అలసటలో, శిఖరం అరగంట దూరంలో ఉండగా చర్చ మొదలుపెట్టేవాళ్ళం. ఆ చర్చలో శిఖరమే గెలుస్తుంది. మన ఉద్యోగాల్లో రిలీజు రాత్రి ఏ పరిస్థితిలో రోల్‌బ్యాక్ చెయ్యాలో పగలే రాసి పెట్టుకుంటాం. రాత్రి రెండింటికి నిద్రమత్తులో "ఇంకో పావుగంట చూద్దాం" అనిపిస్తుందని మనకి అనుభవం మీద తెలుసు కాబట్టి. కొండకీ అదే పద్ధతి. వెనక్కి తిరిగే సమయం వెచ్చటి గదిలో, కడుపు నిండి ఉండగా నిర్ణయించుకోవాలి. పైకి వెళ్ళాక దాన్ని పాటించడమే తప్ప మార్చకూడదు.

చలి దెబ్బని గుర్తించడం

ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే హైపోథర్మియా అంటారు. దీనికి మంచు అక్కర్లేదు. తడి, గాలి, అలసట చాలు. మొదటి గుర్తులు: వణుకు, తడబడుతూ నడవడం, జిప్పు పెట్టుకోలేకపోవడం, మాట ముద్దగా రావడం, కారణం లేని చిరాకు లేక ఉలుకూ పలుకూ లేకపోవడం. వెచ్చబరచకుండానే వణుకు ఆగిపోతే పరిస్థితి ముదిరిందని అర్థం. బాధితుడు తనకేమీ కాలేదనే అంటాడు, అతని మాట నమ్మకండి.

ముందు గాలి తగలకుండా చెయ్యండి. చల్లటి నేల మీద కాకుండా సంచి మీద కూర్చోబెట్టండి. పొడి బట్టలు, టోపీ తొడగండి. తెలివిలో ఉంటే వేడిగా, తియ్యగా తాగడానికి ఇవ్వండి. మద్యం ఇవ్వకూడదు, కాళ్ళూ చేతులూ రుద్దకూడదు, ఒంటరిగా వదలకూడదు. గుంపులో మన భాషవాళ్ళు ఇద్దరే ఉంటే ఒకరి మాట మీద ఒకరు చెవి వేసి ఉంచండి. ఒళ్ళు బాగోనప్పుడు మనిషి మాతృభాషలోకి వెళ్ళిపోతాడు, అది మిగతావాళ్ళకి అర్థం కాదు.

సాయం పిలవడం

999కి గానీ 112కి గానీ ఫోన్ చేసి ముందు పోలీసుల్ని అడగండి, తరవాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. కొండ మీద మాట వినపడనప్పుడు ఎస్సెమ్మెస్ పనిచేయవచ్చు. అందుకు ముందే "రిజిస్టర్" అన్న ఇంగ్లీషు మాటని 999కి పంపి నమోదు చేసుకోవాలి. ఇది ఇంట్లో కూర్చుని ఇవాళే చెయ్యవచ్చు. ఉన్న చోటుని మ్యాపు గడుల అంకెల్లో చెప్పడం నేర్చుకోండి. గ్రేట్ గేబుల్ శిఖరం ఎన్‌వై 211 103. అక్షరాలు పెద్ద గడిని, మొదటి మూడంకెలు తూర్పుకి దూరాన్ని, చివరి మూడంకెలు ఉత్తరానికి దూరాన్ని చెబుతాయి. ఫోను లేకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల వెయ్యండి, ఒక నిమిషం ఆగండి, మళ్ళీ ఆరుసార్లు. టార్చి వెలుగుతోనూ ఇలాగే. జవాబు మూడుసార్లు వస్తుంది.

రక్షించడానికి వచ్చేవాళ్ళు జీతం లేని వాలంటీర్లు. డబ్బు తీసుకోరు. 1946లో ఇదే గ్రేట్ గేబుల్ రాతిగోడ మీద విల్ఫ్రిడ్ నాయిస్ అనే పర్వతారోహకుడు గాయపడ్డప్పుడు అతన్ని కిందికి దింపడం ఎంతో కష్టమైంది. ఆ అనుభవమే కెజిక్ రక్షణ జట్టు పుట్టడానికి కారణమైంది. కోలుకున్న నాయిస్ 1953 ఎవరెస్టు బృందంలో కూడా ఉన్నారు. ఆ జట్లు విరాళాల మీదే నడుస్తాయి. వాళ్ళ డబ్బా ఏ దుకాణంలో కనపడినా ఖాళీగా దాటిపోకండి.

కొండ ఎక్కకపోయినా వారాంతం వృథా కాదు

సూచన బాగాలేకపోతే చిన్న కొండలున్నాయి. కాజిల్ క్రాగ్ 290 మీటర్లే. వెయిన్‌రైట్ జాబితాలో వెయ్యి అడుగుల లోపున్నది అదొక్కటే. డెర్వెంట్‌వాటర్ చుట్టూ సుమారు 16 కిలోమీటర్ల దారి, ఎక్కువభాగం చెట్ల నీడన. మరీ కుండపోత అయితే కెజిక్‌లో పెన్సిల్ మ్యూజియం ఉంది. సీత్‌వైట్ దగ్గర దొరికిన గ్రాఫైట్ వల్లే ఆ ఊరు పెన్సిళ్ళకి పేరు పొందింది. పొంగే వాగుని మాత్రం దాటడానికి ప్రయత్నించకండి, వంతెన ఉన్న చోటుదాకా చుట్టు తిరిగి వెళ్ళండి.

మా ఆదివారం సంగతి చెప్పి ముగిస్తాను. తెల్లారేసరికి గాలి ఉత్తరానికి తిరిగి ఆకాశం కడిగినట్టుంది. మిత్రుడు లీడరు ప్యాంటు వేసుకునే మాతో పాటు క్యాట్‌బెల్స్ ఎక్కాడు. 451 మీటర్లు. పైనుంచి డెర్వెంట్‌వాటర్ మొత్తం కనిపించింది, చుట్టూ రాగి రంగు కొండలు. మూడింటికల్లా దిగిపోయాం, ఎందుకంటే బోర్డు మీద అలా రాసి ఉంది. తరవాతి శనివారం నేనే అతన్ని దుకాణానికి తీసుకెళ్ళాను, బూట్లు, ప్యాంటు కొనిపించాను. మరుసటి ఏడాది జూన్‌లో ఇద్దరం గ్రేట్ గేబుల్ ఎక్కి ఆ కంచు ఫలకం ముందు కూర్చుని పల్లీపట్టీ తిన్నాం.

ప్రయాణమయ్యేవాళ్ళతో మన పెద్దలు "క్షేమంగా వెళ్ళి లాభంగా రండి" అంటారు. కొండలకి వెళ్ళేవాళ్ళకి క్షేమంగా రావడమే లాభం. శిఖరం దొరికితే అది పైన కొసరు.